ముందు టైరు, ఆ తర్వాతే షాకు



హైదరాబాదులోనో, విశాఖలోనో, తిరుపతిలోనో ఏదైనా పెద్ద సైకిళ్ళ షాపుకు వెళ్ళి, కొండదారుల్లో తొక్కడానికి మంచి సైకిలు చూపించమని అడగండి. షాపులో మనిషి చాలామటుకు ముందు చక్రం మీదున్న షాకును రెండు చేతులతో అదిమి చూపిస్తాడు. అది కిందికి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. కొనేవాళ్ళూ ఒకసారి అదిమి చూసి తృప్తి పడతారు. టైరు సంగతి అడిగేవాళ్ళు తక్కువ. బ్రేకు తీగతో పడుతుందా, నూనెతో పడుతుందా అని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. ఫ్రేము తమ ఒంటికి సరిపోయే కొలతేనా అన్నది చాలామందికి ఇంటికి తెచ్చుకుని వారం తొక్కాక, నడుం నొప్పి పుట్టాక గుర్తొస్తుంది.

నేనీవేళ చెప్పదలచుకున్నది ఒక్క ముక్కే. ట్రెయిల్ బైకు అని మనం పిలుచుకునే ఈ కొండదారి సైకిలుకు ఏ భాగం ఏ వరుసలో వచ్చి చేరిందో, మన డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు కావాలి. ముందు టైరు, తర్వాత బ్రేకు, గేర్లు. షాకు చివర్న. రోజంతా కొండల్లో తొక్కాలనుకునేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

ఆ వరుస ఎలా వచ్చిందో చెబుతాను. 1976 అక్టోబరు 21న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర కొందరు కుర్రవాళ్ళు పందెం పెట్టుకున్నారు. అడవిలో మంటలు ఆర్పే బండ్ల కోసం వేసిన మట్టిదారి అది. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవులో నాలుగు వందల మీటర్లు కిందికి దిగిపోతుంది. వాళ్ళ చేతుల్లో ఉన్నవి 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత సైకిళ్ళు. మహా బరువు. వాటిలో పనికొచ్చే గుణం ఒకటే, రెండంగుళాలు దాటిన లావు టైర్లు. ష్విన్ ఆ బెలూను టైర్లను 1933లోనే తెచ్చింది. బ్రేకు మాత్రం వెనక చక్రం హబ్బులో ఉండేది, పెడలును వెనక్కి తొక్కితే పడేది. కిందికి దిగేసరికి హబ్బు వేడెక్కి, లోపలి గ్రీజంతా పొగై పోయేది. ఇంటికి వెళ్ళి విప్పి, మళ్ళీ గ్రీజు కూరితే తప్ప ఆ సైకిలు ఇంకోసారి కొండ దిగేది కాదు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు స్థిరపడింది. గ్యారీ ఫిషర్ ఆ దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. జో బ్రీజ్ కాలం అంతకంటే రెండు సెకన్లు ఎక్కువ.

ఈ కుర్రవాళ్ళే ఆ పాత సైకిళ్ళకు చేతి బ్రేకులు బిగించారు, దిగిన కొండను తిరిగి తొక్కుతూ ఎక్కడానికి గేర్లు బిగించారు. జో బ్రీజ్ 1977లో ప్రత్యేకంగా ఈ పనికే ఒక ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కంపెనీ పెట్టారు, టామ్ రిచీ వాళ్ళకు ఫ్రేములు కట్టి ఇచ్చాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే సైకిలును పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. వీటిలో ఒక్కదానికీ షాకు లేదు. రాక్‌షాక్స్ కంపెనీ ముందు చక్రానికి షాకున్న ఫోర్కు తెచ్చేసరికి 1989 వచ్చింది. అంటే రీప్యాక్ మొదలైన పదమూడేళ్ళకు. ఆ పదమూడేళ్ళూ వాళ్ళు రాళ్ళ మీద, వేళ్ళ మీద, గుంటల్లో తొక్కింది లావు టైరును, తమ మోకాళ్ళను, మోచేతులను నమ్ముకునే.

షాకు అక్కర్లేదని నేననడం లేదు. మంచి షాకు మంచిదే. అయితే తక్కువ డబ్బులో దొరికే షాకు మంచిది కాదు, తక్కువ డబ్బులో దొరికే టైరు మాత్రం చాలా మంచిది కావచ్చు. రెండింటికీ ఉన్న తేడా అదే.

టైరు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే మన నేలకు తగ్గట్టు టైరు ఎంచుకోవడం మనకు మనమే నేర్చుకోవాలి. విదేశీ పత్రికలు మన నేల గురించి రాయవు.

తెలంగాణలో, రాయలసీమలో కొండదారి అంటే ఎక్కువగా గ్రానైటు. పొడిగా ఉన్నంతసేపు పరుపుబండ మీద టైరు బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. ఎంత వాలున్నా ధైర్యంగా దిగొచ్చు. ప్రమాదం ఎక్కడంటే, ఆ బండే అరిగి రాలిన గరుకు ఇసుక పల్చగా పరుచుకున్నచోట. గట్టి నేల మీద ఆ ఇసుక గింజలు దొర్లుతాయి, మలుపులో ముందు చక్రం చెప్పాపెట్టకుండా పక్కకు పోతుంది. కాబట్టి ముందు టైరుకు అంచుల్లో ఎత్తయిన, గట్టి గుబ్బలుండాలి. వెడల్పు 2.35 అంగుళాలకు తగ్గకూడదు. వెనక టైరుకు మధ్యలో గుబ్బలు కాస్త పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటే తొక్కడం తేలిక. రెండు చక్రాలకూ ఒకే టైరు వేసుకోవాలన్న నియమం ఏమీ లేదు.

వికారాబాదు అనంతగిరి వైపు నేల వేరు. అక్కడిది ఎర్రటి లాటరైటు. వాన వెలిసిన మర్నాటికే తొక్కడానికి వీలుగా తయారవుతుంది. నల్లరేగడి సంగతి పూర్తిగా వేరు. వాన పడ్డాక నల్లరేగడి డొంకదారిలోకి దిగితే చక్రం కొన్ని తిప్పులు తిరిగేసరికి మట్టి పొరలు పొరలుగా టైరుకు చుట్టుకుంటుంది. ఫోర్కు కొమ్ముల మధ్య, వెనక ఫ్రేము గొట్టాల మధ్య ఉన్న ఖాళీ నిండిపోతుంది. చక్రం బిగుసుకుని ఆగిపోతుంది. పుల్లతో గీకుతారు, పది గజాలు వెళ్తారు, మళ్ళీ ఆగుతుంది. ఆ మట్టి చైనులో, గేర్లలో దూరిందంటే గేర్లు మార్చే యంత్రమే విరిగే ప్రమాదం ఉంది. కొనేటప్పుడు టైరుకు, ఫ్రేముకు మధ్య రెండు వైపులా చిటికెన వేలు దూరుతుందో లేదో చూడండి. దూరకపోతే ఆ సైకిలు మన వానాకాలానికి పనికిరాదు. దూరినా సరే, తడిసిన రేగడిలోకి దిగకండి. మీరు చేసిన చాళ్ళు ఎండి గట్టిపడితే రైతు ఎడ్లబండికి, ట్రాక్టరుకు ఆ దారి పాడవుతుంది.

ఇక ముళ్ళు. మన దగ్గర పంక్చర్లకు ప్రధాన కారణాలు రెండు, సర్కారు తుమ్మ, పల్లేరు. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు. చెరువు గట్టు, రైలు కట్ట, బీడు, ఎక్కడ పడితే అక్కడ అల్లుకుపోయింది. దాని ముల్లు చెప్పు అట్టను దాటి పాదంలో దిగుతుంది, సైకిలు టైరు దానికి అడ్డే కాదు. పల్లేరు మన పక్క మొక్క. అది అమెరికా నైరుతి ఎడారుల్లో కూడా పాతుకుపోయింది. అక్కడి సైకిలు తొక్కేవాళ్ళు దాన్ని మనకంటే ఎక్కువ తిట్టుకుంటారు. పల్లేరుకాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ప్రతి ముక్కా ఎలా పడినా ఒక ముల్లు పైకి నిక్కి ఉంటుంది.

దీనికి సరైన విరుగుడు ట్యూబు లేని టైరు. 1999లో ఫ్రెంచి కంపెనీలు మావిక్, మిషెలిన్, హచిన్‌సన్ కలిసి కొండ సైకిళ్ళకు దీన్ని ఒక ప్రమాణంగా తెచ్చాయి. రిమ్ములో గాలి పోని టేపు వేసి, టైరు లోపల రబ్బరుపాల ద్రవం పోస్తారు. 29 అంగుళాల చక్రానికి నూరు మిల్లీలీటర్ల చొప్పున సరిపోతుంది. ముల్లు గుచ్చుకుందనుకోండి, కంగారు పడకుండా పీకేయండి. బుస్సుమని గాలి, దాంతోపాటు తెల్లటి ద్రవం చిమ్ముతుంది. వెంటనే ఆ రంధ్రం అడుక్కి వచ్చేలా చక్రం తిప్పి, సైకిలును కాస్త ఆ పక్కకు వంచి పట్టుకోండి. ద్రవం రంధ్రం దగ్గరకు చేరి గడ్డకడుతుంది. బుస ఆగిపోతుంది. పంపుతో నాలుగు పోట్లు వేసుకుని బయల్దేరొచ్చు. మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఎండుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి విప్పి చూసి మళ్ళీ పోసుకోవాలి. చాలామంది ఈ సంగతి మరిచిపోయి, ట్యూబులెస్ మోసమని నింద వేస్తారు. అందుకని, సైకిలు కొనేటప్పుడు రిమ్ములు ట్యూబులెస్‌కు పనికొచ్చేవేనా అని తప్పకుండా అడగండి. ఇవాళ ట్యూబుతో ఉన్నా ఫరవాలేదు, రేపు మార్చుకునే వీలుండాలి.

గాలి ఎంత పెట్టాలన్నది కూడా టైరంత ముఖ్యం. మన పంక్చరు షాపుల్లో టైరును బొటనవేలితో నొక్కి, రాయిలా గట్టిపడేదాకా కొట్టి ఇస్తారు. రోడ్డు సైకిలుకు అది సరే. కొండదారిలో అంత గాలి ఉంటే ప్రతి రాయికీ చక్రం ఎగిరిపడుతుంది, పట్టు పోతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. డెబ్భై కిలోల మనిషి, ట్యూబు లేని 2.35 అంగుళాల టైరుకు ముందు 22, వెనక 25 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టొచ్చు. రిమ్ముకు రాయి తగిలిన చప్పుడు వినిపిస్తే ఒకటి రెండు పెంచుకోవాలి. ట్యూబు ఉంటే ఇంకో నాలుగైదు ఎక్కువ ఉంచాలి, లేకపోతే రాతికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. చిన్న డిజిటల్ గేజి ఒకటి కొనుక్కోండి. సైకిలు సామాన్లలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది నాకు ఇంకొకటి కనిపించదు.

ఇప్పుడు షాకుల దగ్గరకు వద్దాం. షాకు ఎంత లోతు దిగుతుందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. పందెపు సైకిళ్ళకు 100 నుంచి 120, ట్రెయిల్ బైకులకు 120 నుంచి 150, కొండ దిగడానికే ప్రత్యేకించినవాటికి 200 దాకా. ముందు మాత్రమే షాకున్న సైకిలును హార్డ్‌టెయిల్ అంటారు. వెనక కూడా ఉంటే ఫుల్ సస్పెన్షన్.

నా సలహా సూటిగానే చెబుతాను. తక్కువ ధరలో రెండు షాకులున్న సైకిలు ఎట్టి పరిస్థితిలోనూ కొనకండి. వాటిలో ఉండేవి ఉక్కు స్ప్రింగులు. ముందు ఫోర్కు ఒక్కటే రెండున్నర కిలోలు దాటుతుంది. మీరు పెడలు మీద వేసే బలంలో కొంత వెనక స్ప్రింగును అణచడానికే పోతుంది. మీ బరువుకు తగ్గట్టు దాన్ని సరిచేసే వీలుండదు. అదే డబ్బుకు అల్యూమినియం ఫ్రేముతో, ఒక్క షాకుతో, చాలా మంచి సైకిలు వస్తుంది. కాస్త ఎక్కువ పెట్టగలిగితే గాలితో పనిచేసే 120 లేదా 130 మిల్లీమీటర్ల ఫోర్కున్న హార్డ్‌టెయిల్ తీసుకోండి. గాలి ఫోర్కును చిన్న పంపుతో మీ బరువుకు సరిపెట్టుకోవచ్చు. ఫోర్కు గొట్టం మీద ఒక రబ్బరు ఉంగరం ఉంటుంది. దాన్ని కిందికి జరిపి, నీళ్ళసంచీతో సహా సైకిలెక్కి పెడళ్ళ మీద నిలబడండి, ఊగకుండా దిగండి. ఆ ఉంగరం మొత్తం దిగే లోతులో నాలుగో వంతు జరిగి ఉంటే సరిపోయినట్టు. ఎక్కువ జరిగితే గాలి పెంచాలి, తక్కువైతే వదలాలి.

రెండు షాకుల మంచి సైకిలు ఎవరికి అవసరం? వారం వారం గంటల తరబడి రాళ్ళ మీద తొక్కేవాళ్ళకు, నడుం నొప్పి ఉన్నవాళ్ళకు, రోజుల తరబడి సాగే పోటీలకు వెళ్ళేవాళ్ళకు. 2004 నుంచి దక్షిణాఫ్రికాలో ఇద్దరిద్దరు జట్టుగా ఎనిమిది రోజులపాటు తొక్కే కేప్ ఎపిక్ అనే పందెం జరుగుతోంది. అక్కడ ముందు వరుసలో ఉండేవాళ్ళు ఇప్పుడు రెండు షాకుల సైకిళ్ళే వాడుతున్నారు. అన్ని గంటలు కుదుపులు భరించాక నడుమూ చేతులూ మొరాయించకుండా కాపాడేది వెనక షాకే. అయితే దాని కీళ్ళ బేరింగులు, సీళ్ళు ఎప్పటికప్పుడు మార్పించాలి. దగ్గర్లో ఆ పని తెలిసిన మెకానిక్కు ఉన్నాడా అన్నది కొనే ముందే తెలుసుకోవాలి.

కొలత. ఇది అన్నిటికంటే ముందు చెప్పాల్సిందేమో కూడా. సరిపోని ఫ్రేమును ఏ ఖరీదైన సామానూ బాగుచెయ్యలేదు. ఫ్రేము పై గొట్టం మీదుగా కాళ్ళు రెండూ నేలకు ఆనించి నిలబడితే గొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. పెడళ్ళ మీద నిలబడి మోచేతులు కొద్దిగా వంచితే ఒళ్ళు కుదురుగా ఉండాలి, ముందుకు సాగదీసినట్టు ఉండకూడదు. ఐదడుగుల రెండంగుళాల లోపు ఎత్తున్నవాళ్ళకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, 29 అంగుళాల చక్రం చాలాసార్లు ఇబ్బంది పెడుతుంది. 27.5 అంగుళాల చక్రమున్న చిన్న ఫ్రేము అడగండి. స్టాకులో లేదని పెద్దది అంటగట్టబోతే మరో షాపు చూసుకోండి.

సీటు ఎత్తుకు ఒక సులువు చెబుతాను. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చుని, పెడలు పూర్తిగా కిందున్నప్పుడు మడమ దాని మీద ఆనిస్తే మోకాలు నిటారుగా ఉండాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఇది ఎక్కేటప్పటి ఎత్తు. దిగేటప్పుడు సీటు కిందికి పోవాలి, లేకపోతే వాలులో మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. హ్యాండిలు మీది మీట నొక్కితే సీటు దిగే డ్రాపర్ పోస్టు అనే అమరిక ఉంది. నన్నడిగితే వెనక షాకు కంటే ముందు డబ్బు పెట్టాల్సింది దీని మీద.

సీటు మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. గంట దాటాక మెత్తటి సీటే ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకంటే మన బరువు పిరుదుల్లోని రెండు ఎముకల మీద పడాలి, మెత్తటి సీటులో అవి కూరుకుపోయి, మధ్యనున్న నరాల మీద ఒత్తిడి పడుతుంది. అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి స్టూలు మీద వేసి, ముందుకు వంగి ఒక నిమిషం కూర్చోండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి కేంద్రాల మధ్య దూరానికి రెండు సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు. దీనితోపాటు, లోపల ప్యాడు కుట్టిన సైక్లింగు నిక్కరు వేసుకోవాలి, దాని లోపల ఇంకే బట్టా ఉండకూడదు.

గేర్ల విషయంలో చిన్న లెక్క. ముందు 32 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 51 పళ్ళు ఉంటే, 29 అంగుళాల సైకిలు ఒక్క తొక్కుకు సుమారు మీటరున్నర కంటే కాస్త తక్కువ దూరం ముందుకు వెళ్తుంది. నిమిషానికి అరవై తొక్కుల చొప్పున గంటకు ఐదు కిలోమీటర్లు. అంటే మనిషి నడిచే వేగం. అరకు ఘాట్లలో కాఫీ తోటల పక్క దారులు ఎక్కేటప్పుడు, హార్సిలీ కొండ చివరి మలుపుల్లో మీకు కావలసింది ఈ గేరే. ముందు ఒకే పళ్ళచక్రం, వెనక పదకొండో పన్నెండో ఉన్న అమరిక తీసుకోండి, చైను పడిపోవడం తగ్గుతుంది. బ్రేకులు నూనెతో పనిచేసే డిస్కులే ఉండాలి, ఒక్క వేలితో పట్టేలా ఉండాలి. పొడవాటి దిగుడులో నాలుగు వేళ్ళతో తీగ బ్రేకును పిండితే, కింద చేరేసరికి హ్యాండిలు పట్టుకునే బలం ఉండదు.

సైకిలు కుదిరింది. ఇక మనిషి సంగతి.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో లెడ్‌విల్ అని సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల పైనున్న ఊరు ఉంది. 1980ల మొదట్లో అక్కడి మాలిబ్డినం గని మూతపడి ఊరి జనానికి పని పోయింది. మనుషులు ఊరికి రావాలంటే ఏదో ఒకటి చెయ్యాలని గని కార్మికుడు కెన్ క్లూబర్ 1983లో నూరు మైళ్ళ పరుగు పందెం మొదలుపెట్టాడు. 1994లో అదే కొండల్లో నూరు మైళ్ళ సైకిలు పందెం కూడా వచ్చింది. పన్నెండు గంటల్లో తిరిగి చేరాలి. మొత్తం ఎక్కుడు 11,000 అడుగులు దాటుతుంది. అదే రాష్ట్రంలో ఉండే డేవ్ వీన్స్ 2003 నుంచి 2008 దాకా వరుసగా ఆరేళ్ళు గెలిచాడు. ఇలాంటి దూరాల్లో కొత్తవాళ్ళు సగంలో ఆగిపోయేది చాలాసార్లు కాళ్ళలో బలం లేక కాదు. మొదటి గంటల్లో తొందరపడి, తినడం మరిచిపోయి.

దీని వెనకున్న లెక్క తెలిస్తే మరిచిపోరు. మన కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు రెండు వేల కేలరీలు. కొండదారిలో గంటకు ఐదారు వందలు ఖర్చవుతాయి. కొవ్వు కొంత ఆదుకుంటుంది కానీ, గట్టిగా తొక్కే కొద్దీ దాని వాటా తగ్గిపోతుంది. అంటే ఏమీ తినకుండా బయల్దేరితే మూడు నాలుగు గంటలకు ఖాళీ. అప్పుడు కళ్ళు తిరుగుతాయి, చిన్న రాయిని కూడా దాటలేరు, విసుగు, కోపం వస్తాయి. ఆ స్థితికి వచ్చాక తిన్నా వెంటనే కోలుకోరు. అందుకే మొదటి అరగంట నుంచే తినాలి. గంటకు అరవై గ్రాముల పిండిపదార్థం. మన భాషలో చెప్పాలంటే రెండు అరటిపండ్లు, చిన్న బెల్లం ముక్క. పల్లీపట్టీ రుచిగానే ఉంటుంది కానీ నూనెగింజ నెమ్మదిగా అరుగుతుంది, నిదానంగా తొక్కే గంటలకు దాన్ని ఉంచుకోండి. నాలుగైదు గంటలు దాటాక తీపి మొహం మొత్తుతుంది. అప్పుడు పులిహోర పొట్లం ఎంత ప్రాణం పోస్తుందో తొక్కినవాళ్ళకే తెలుసు. అన్నంలో పిండిపదార్థం, ఉప్పు, పులుపు అన్నీ కడుపు ఒప్పుకునే తీరులో ఉంటాయి. బజారులో దొరికే విదేశీ జెల్లుల కంటే నేను దానికే ఓటు వేస్తాను.

నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఒట్టి నీళ్ళే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా వస్తుంది. కాబట్టి ఉప్పు కలవాలి. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ లీటరు నీళ్ళకు రెండున్నర గ్రాముల పైన ఉప్పు ఇస్తుంది, చెమట ఎక్కువ పోసే రోజుల్లో అది మంచిది. అయితే అందులో గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. అది దాహానికే గానీ ఆకలికి చాలదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. దారిలో దొరికితే తాగండి, పక్కన ఉప్పున్నది ఏదైనా తినండి.

వేగానికి ఒకటే పరీక్ష. రోజులో మొదటి మూడో వంతు దూరం పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కండి. ఎక్కుడు వచ్చినప్పుడు పక్కవాళ్ళు దాటిపోతుంటే పోనివ్వండి. అభ్యాసం కూడా అంతే. వారానికొక పొడవాటి సవారీ, వారం వారం దాన్ని కొద్దికొద్దిగా పెంచుకోవడం, మధ్యలో ఒకటి రెండు పొట్టివి. వేసవిలో తెల్లవారక ముందే బయల్దేరి ఎండ ముదరక ముందే ముగించాలి. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలుతున్నా, మాట తడబడుతున్నా అది వడదెబ్బ. వెంటనే ఆపి, నీడన పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్ళు పోసి విసరాలి, ఆస్పత్రికి చేర్చాలి. ఆ పరిస్థితిలో పౌరుషానికి పోకూడదు.

ఒంటికి మించిన దూరాల ఉదాహరణ ఒకటి చెప్పి వదిలేస్తాను. కెనడాలోని బాంఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా రాకీ పర్వతాల వెంట సుమారు 4,400 కిలోమీటర్ల దారిలో టూర్ డివైడ్ జరుగుతుంది. బహుమతి లేదు, వెంట సహాయపు బండి లేదు. బ్రిటన్‌కు చెందిన మైక్ హాల్ 2016లో దాన్ని పధ్నాలుగు రోజుల లోపు పూర్తిచేశాడు. అలాంటివాళ్ళు మోసే సామాను చూస్తే, అందులో ముఖ్యమైనవన్నీ చిన్నవే. మన ఒక్కరోజు సవారీకీ అవే కావాలి. పంపు, ఒక ట్యూబు, టైరు రంధ్రంలో కుక్కే రబ్బరు వత్తులు, చైను విప్పే పనిముట్టు, చైనును కలిపే లింకు, అలెన్ తాళాల కట్ట. వీటితోపాటు ఎవరూ చెప్పనిది ఒకటుంది, హ్యాంగరు. గేర్లు మార్చే యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే, బొటనవేలంత అల్యూమినియం ముక్క అది. రాయి తగిలితే ఫ్రేము విరగకుండా తాను విరిగేలా కావాలనే మెత్తగా చేస్తారు. చాలా ఫ్రేములకు దాని ఆకారం వేరువేరు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. సైకిలు కొన్న రోజే అదే షాపులో ఒకటి అదనంగా తీసుకుని సంచీలో పడేసుకోండి. అడవి మధ్యలో అది విరిగితే, దాన్ని మార్చుకుని తొక్కుతూ ఇంటికి రావడమో, సైకిలు తోసుకుంటూ నడవడమో రెండే దారులు.

హెల్మెట్ తల వెనక భాగాన్ని కూడా కప్పేది కావాలి. కళ్ళజోడు, చేతొడుగులు ఉండాలి. వీటి గురించి వాదన లేదు.

చివరగా ఒక విన్నపం. మన కొండదారులు సైకిళ్ళ కోసం వేసినవి కావు. గొర్రెల కాపరులు, వంటచెరుకు తెచ్చుకునేవాళ్ళు, గిరిజన గూడేల జనం నడిచి నడిచి పడిన దారులవి. మంద కనిపిస్తే దూరం నుంచే గంట కొట్టి, దిగి నడిపించుకుంటూ వెళ్ళండి. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి, నల్లమల లాంటి పులుల అభయారణ్యంలోకి అసలే వద్దు. రాళ్ళగుట్టల్లో పొద్దుపొడుపు వేళ, మసక చీకటి వేళ ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఒంటరిగా వెళ్ళకుండా, ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరండి. దసరా వెళ్ళాక నేల గట్టిపడుతుంది, శివరాత్రి దాకా ఎండ ముదరదు. మన దగ్గర కొండదారిలో తొక్కడానికి అదే సరైన కాలం. సైకిలు ఈలోగా చూసుకోండి.